చేపతోక

పాత అట్టపుస్తకం.
నూట ఎనభై ఏడు పేర్లు, ఎదురుగా నూట ఎనభై ఏడు అంకెలు.
పరిశోధన ముగిసిన ఏడేళ్లకి పేర్ల పట్టీ నాశనం చెయ్యాలని నియమం.
ఆ నియమం రాసిన కమిటీలో కాంతామణి మేడమూ ఉంది.
రేపు ఆవిడ రిటైర్మెంటు.
"తలుపు దగ్గరగా వెయ్యి, ఈశ్వర్రావ్," అంది.

కేజీహెచ్ కొండ మీద ఇరవై ఆరేళ్లు
నేను అద్దానికి ఇవతల కూచున్న మనిషిని.
ఉంగరం తియ్యండి, మొలతాడు తాయెత్తు తియ్యండి,
కదలకండి, అనేవాణ్ణి.
వణుకుడు జబ్బు మనిషికి "కదలకండి" కంటే
మొరటు మాట లేదని
ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తా కూతురు.
మొదటి వ్యాసం తిప్పి పంపారట, నమూనా చిన్నదని.
చిన్నదే. నలుగురు.
అందులో ఇద్దరు ఆవిడ బస్సుఛార్జీ ఇస్తే వచ్చినవాళ్లు.

మెదడు కాండంలో మినపగింజంత చోటు.
నల్లగా చీలిన రెండు పాయలు, నడుమ సన్నటి వెలుగు.
జబ్బొస్తే ఆ వెలుగు పూడిపోతుంది.
పుస్తకాల్లో పిట్టతోక అంటారు దాన్ని.
"ఆ పిట్టని నేనెరగను,
నాకిది కానాగంత తోక," అంది మేడం.
అప్పట్నించి మా గదిలో అది చేపతోకే.

జాలరిపేట మైలపల్లి ఎర్రయ్య. నలభై ఒకటో అంకె.
వలకి ముడి పడ్డం లేదని వచ్చాడు.
మూడుసార్లు తీశాం. మూడుసార్లూ బొమ్మ అలుక్కుపోయింది,
తడిచేత్తో ముగ్గు తుడిచినట్టు.
నాలుగోసారి లోపల్నించి గురక.
అందరూ హడలిపోయే ఆ డబడబలకి
"మరబోటు ఇంజినులాగుంది బాబూ, నిద్దరొట్టేసింది," అన్నాడు.
నిద్రలో వణుకు లేదు. బొమ్మ నిలిచింది.
తోక లేదు.

పక్కన తన మెదడు బొమ్మ పెట్టి చూపించింది ఆవిడ;
ఒకటో అంకె ఆవిడే, అందరికంటే ముందు పడుకున్నది.
ఎర్రయ్య చాలాసేపు చూశాడు.
"అయితే ఈ చేప తిరగాలనుకున్న చోట తిరగలేదన్నమాట."
ఆ మాట ఏ వ్యాసంలోకీ ఎక్కలేదు.
ఎక్కింది ఇంతే:
పురుషుడు, అరవై మూడు, కుడిచేతితో మొదలు.

సముద్రపు గాలికి కనెక్టర్లు పచ్చబడేవి,
సోమవారం సోమవారం స్పిరిట్ పెట్టి తుడిచేవాణ్ణి.
హుద్‌హుద్ మర్నాడైతే ఊరంతా చీకటి.
అయస్కాంతాన్ని చల్లగా ఉంచే హీలియం
గంటగంటకీ తగ్గుతోంది, డీజిల్ లేదు.
పడిన చెట్ల మీంచి దాటుకుంటూ హార్బరుకి నడిచింది మేడం.
సగం బోట్లు మునిగిన ఆ రోజు
ఎర్రయ్య కొడుకూ పేట కుర్రాళ్లూ
ఆరు డబ్బాలు భుజాల మీద కొండెక్కించారు.
డబ్బులిస్తే పుచ్చుకున్నారు. పుచ్చుకోకపోతే
ఆవిడ ఊరుకునేది కాదు.

ఇప్పుడు పుస్తకం విప్పింది.
కాగితాలు నమిలే మిషను ముందు కూచుని
ఒక్కో పేరూ పైకి చదివింది.
సనపల తవిటమ్మ. పిన్నింటి గవరయ్య. మస్తాన్‌బీ.
నలభై ఒకటి దగ్గర గొంతు మారుతుందనుకున్నాను.
మారలేదు. బళ్లో హాజరు పిలిచినట్టు అన్నీ ఒకేలా.
ప్రతి పేరుకీ "ఉన్నాను మేడం" అనబోయి
నోరు మూసుకున్నాను,
చాలామంది లేరు మరి.

చివర్న, మొదటి పేజీ:
గొర్లె కాంతామణి.
అదీ లోపలికి తోసింది.

మిషను ఆపాక ఒక చప్పుడు మిగిలింది.
గోడవతల అయస్కాంతాన్ని చల్లార్చే పంపు
కిచ్, కిచ్ అని.
పిట్టలా కూస్తుందని
ఇన్నేళ్లకి ఇవాళే విన్నాను.

"పొద్దున్నే మొదటి కేసెవరు?" అంది చెప్పులేసుకుంటూ.

పేరు చెప్పాను.